పదకొండు బారలు

నాన్న పారిపోయాడని ఖాతా పుస్తకంలో రాశారు.
"అప్పులపాలై, సైలీషియా వైపు."
ఒక్కటే వరుస, ఇసుక చల్లి ఆరబెట్టిన సిరా.
వాలెంటీ, గని కొలతగాడు,
ఎడమ చెవి కింద కాలిన మచ్చ,
దగ్గితే ఇల్లంతా ఉలిక్కిపడేదని
ఇవేవీ రాయలేదు.

వ్యెలీచ్కాలో ఆ చలికాలం
రొట్టె కన్నా ఉప్పు చవక,
ఉప్పు కన్నా మాట చవక.
క్రాకోలో ఎవరో వితంతువు ఉందట,
ఆమె కిటికీకి ఆకుపచ్చ తెర ఉందట.
తెర రంగు కూడా తెలిసిన అబద్ధాన్ని
కాదనడం ఎంత కష్టం!

అమ్మ నమ్మింది.
నమ్మితేనే కోపం తెచ్చుకోవచ్చు,
కోపం ఉంటేనే పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించొచ్చు.
ఆ కోపాన్ని నేను లాక్కోలేదు.

గనివాళ్ళు తెచ్చి గుమ్మంలో పెట్టినవి మూడు:
తోలు టోపీ, సగం కాలిన కొవ్వు దీపం, కొలతాడు.
బారకో ముడి. నాకు లెక్కలొచ్చింది దాని మీదే.
నలభై ఉండాలి.
ఇరవై తొమ్మిది దగ్గర తాడు అయిపోయింది.
తెగలేదు. తెగితే పీచు లేస్తుంది.
పదునుగా కోశారు.

పారిపోయేవాడు డబ్బు పట్టుకుపోతాడు, కోటు పట్టుకుపోతాడు.
పదకొండు బారల తాడు దేనికి?

తమ్ముడి చొక్కా తొడిగి
నాన్న టోపీలోకి జుట్టు దోపి
గుర్రాలకు ఎండుగడ్డి మోసే పనికి కుదిరాను.
మోకు మీద వేలాడుతూ దిగేటప్పుడు
మగవాళ్ళు ప్రార్థన పాడతారు,
భయమేసిన చోట గొంతు పెంచుతారు.
ఎక్కడెక్కడ పెంచారో గుర్తుపెట్టుకున్నాను.

కిందికి దిగిన గుర్రం మళ్ళీ ఎండ చూడదు.
వాటిలో ముసలిది సీవెక్, రెండు కళ్ళూ పోయినది,
నా టోపీ వాసన చూసింది.
గడ్డి వదిలేసి నడిచింది.
ఏడో గది దాటాక, చెక్కలు కొట్టి మూసిన చోట
రోజూ అక్కడే ఆగేదానిలా
ఒక కాలు ఎత్తి నిలబడింది.

చెక్కల సందులోంచి గోడను నాకాను.
నవ్వకండి, గని పిల్లలకు నాలుకే దీపం.
పాత గోడకు మసి రుచి ఉంటుంది.
ఇది నిన్నమొన్న పేర్చిన ఉప్పు,
నాలుక కోసింది.

అధికారి గదిలో వేలాడే పటంలో మాత్రం
ఏడో గది వెనక అంతా రాయే.
తెల్లగా, మచ్చలేకుండా.

క్రాకో నుంచి తనిఖీవాళ్ళు రావడానికి రెండేళ్ళు పట్టింది.
బల్ల మీద తాడు పరిచి
ఒక్కో ముడీ వాళ్ళ వేళ్ళకిచ్చి లెక్కపెట్టించాను.
ఇరవై తొమ్మిది దగ్గర
గని అధికారి మంచినీళ్ళు అడిగాడు.
కాసేపటికి మళ్ళీ అడిగాడు.
ఎవరూ ఏమీ అనలేదు.
రెండుసార్లూ తెచ్చి ఇచ్చింది నేనే.

గోడ పగలగొట్టారు.
దొంగచాటున తవ్విన గది,
రాజుగారి లెక్కకెక్కని ఉప్పు, బండి చక్రాల గాళ్ళు.
నాన్న లేడు.
నేల మధ్య బావిలాంటి గొయ్యి, అంచున మేకు,
మేకు నుంచి లోపలికి తాడు.
లాగారు. పది ముడులు, కొలతగాడు వేసేవి.
తడిసిన చివర పదకొండోది, అలాంటిది కాదు.
అమ్మ జబ్బుపడ్డ ఏడాది
మొరటు వేళ్ళతో నా జడ చివర వేయడం
నాన్న నేర్చుకున్న ముడి.
పెరట్లో ఎంత గెంతినా ఊడనిది.

తనే దిగాడో, దింపారో,
నీళ్ళకు అవతల ఇంకేదైనా దారి ఉందో
ఆ గొయ్యి చెప్పలేదు.
తరవాత ఎవరినీ దిగనివ్వలేదు కూడా.

కొత్త గుమాస్తా "పారిపోయాడు" మీద గీత కొట్టి
కలం గాల్లో ఆపాడు.
సలోమియా, ఏం రాయమంటావు?
కొలుస్తున్నాడు, అన్నాను.

ఇంటికొచ్చి అమ్మకు ఆ ముడి చూపించాను.
విప్పబోయి మానేసింది.
మర్నాడు పొద్దున
పొయ్యి నేను వెలిగించాను.